ఉగ్రస్తంభం దాకా ఒక్క రోజు నడక: ముందురోజు నుంచి కొండ దిగేదాకా ఏం చేయాలి

నల్లమలలో, అహోబిలం పైనున్న ఉగ్రస్తంభం దాకా ఒక రోజు నడిచొద్దాం అనుకున్నవాళ్లు మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. దానికి జవాబు తెలిసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి సుమారు నాలుగు కిలోమీటర్లు. తారు రోడ్డు మీద ఆ దూరం ముప్పావుగంట పని. వంక దాటుతూ, బండలెక్కుతూ పోతే రెండు గంటలు కూడా చాలకపోవచ్చు. అందుకే ఇంట్లోనే కాగితం మీద వేరే మూడు లెక్కలు తేల్చుకోండి: ఎన్ని గంటలు, ఎన్ని లీటర్ల నీళ్లు, ఎన్నింటికి వెనక్కి తిరగాలి. మన సీమ కొండల్లో ఇబ్బంది పడినవాళ్లను కదిలించి చూడండి, ఈ మూడిట్లో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే కష్టం ఇక్కడ తక్కువే.

అహోబిలాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 2022 ఏప్రిల్ దాకా ఇది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. కర్నూలు నుంచి వచ్చినా కడప నుంచి వచ్చినా 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డలో దిగాలి. అక్కడి నుంచి అహోబిలానికి ఆర్టీసీ బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లకు నంద్యాల స్టేషన్ అనుకూలం. దిగువ అహోబిలం నుంచి ఎగువకు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు. నడక మొదలయ్యేది ఎగువ గుడి దగ్గరే. భవనాశిని వంక వెంబడి దారి సాగుతుంది, కిలోమీటరు దూరంలో వరాహ నరసింహస్వామి గుడి వస్తుంది. ఆ తర్వాత దారి చీలుతుంది. ఒకటి మాలోల నరసింహస్వామి వైపు, రెండోది లోయలోంచి జ్వాలా నరసింహం వైపు. ఉగ్రస్తంభం వాటన్నిటికీ పైన, రెండుగా చీలినట్టు నిలబడ్డ కొండకొమ్ము. మెట్లు ఎక్కడో ఆగిపోతాయి, ఆపైన చేతులకు కూడా పని పడుతుంది.

మొదటిసారి కొండెక్కేవాళ్లు జ్వాలా దాకా పోయి మాలోల చూసుకుని దిగండి. స్తంభం ఎక్కడికీ పోదు. అసలు అలవాటే లేనివాళ్లు అనంతపురం వైపు గుత్తి కోట గుట్టో, పెనుకొండ గుట్టో ఒకసారి ఎక్కి మోకాళ్ల సంగతి తెలుసుకుని రండి. అక్కడ దారి తప్పే బాధ తక్కువ, ఊరు కిందనే కనిపిస్తూ ఉంటుంది.

ఏ నెలలో పోవాలి

నవంబరు చివరి నుంచి జనవరి ఆఖరు దాకా మంచి కాలం. ఇది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి దాటితే చెట్లు మోడులవుతాయి, నీడ దొరకదు, క్వార్ట్‌జైట్ బండలు పదకొండింటికే కాలడం మొదలుపెడతాయి. ఎండుటాకుల్లో అగ్గి అంటుకునే కాలం కూడా అదే. ఏప్రిల్, మే నెలల్లో ఈ నడక సంగతే తలపెట్టకండి. ఆ ఎండకు ఎంత నీళ్లు మోసినా చాలవు.

ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. మొక్కు ఉంటే అప్పుడే రండి. నడకే ముఖ్యమైతే ఆ రోజులు వదిలేయండి, ఇరుకు దారిలో జనం వెనక జనంగా నిలబడాల్సి వస్తుంది.

చలికాలంలో ఉన్న మెలిక తుపాను. ఈశాన్య రుతుపవనాల వాన మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడైనా కురుస్తుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచింది ఈ కాలంలోనే. మీరు నిలబడ్డ చోట చినుకు పడకపోయినా పైకొండల్లో పడితే వంక పారుతుంది. కాబట్టి బయల్దేరే ముందు మూడు రోజుల వాతావరణ సమాచారం చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట కనబడితే ప్రయాణం వారం వెనక్కి జరపండి. ఎగువ అహోబిలంలో దిగగానే టీ అంగట్లో ఒక మాట అడగండి: "అన్నా, పైన వంకలో నీళ్లెట్లుండాయి?" "మొన్నటి వానకు పారతాండాది, మోకాటి లోతుంటాది" అని వాళ్లు చెప్పేది మీ ఫోన్లోని యాప్‌కు తెలియదు.

అడవివాళ్ల మాట ముందు వినండి

గుళ్లకు పోయే కాలిబాట భక్తులు నడిచే బాట. దాన్ని వదిలి అడవిలోకి దిగితే కథ వేరు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా తిరగడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాల్లోకి అడుగుపెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. కాబట్టి ముందురోజే అటవీశాఖ చెక్‌పోస్టులో ఉగ్రస్తంభం దారి తెరిచి ఉందా, ఎన్నింటి లోపల దిగాలి అని అడిగి తెలుసుకోండి. వాళ్లు వద్దంటే వద్దనే. పక్కదారి చూపిస్తానని ఎవరైనా గుసగుసలాడినా పోవద్దు.

కడప వైపు లంకమల, పాలకొండలు, శేషాచలం ఎక్కాలనుకునేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. అవి ఎర్రచందనం కొండలు. దుంగల దొంగల కోసం గాలించే బృందాలు ఎప్పుడూ తిరుగుతుంటాయి. చేతిలో కాగితం లేకుండా బాట తప్పి కనిపిస్తే మీరు ట్రెక్కింగుకు వచ్చారని నమ్మించడం కష్టం. లంకమలలో ఇంకో సంగతి కూడా ఉంది. లోకంలో ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది అక్కడి పొదల్లోనే. దాని కోసమైనా ఆ పొదలను తొక్కకుండా ఉండాలి.

గైడును పెట్టుకోవాలా అంటే, ఉగ్రస్తంభం ఎక్కేటట్టయితే తప్పకుండా పెట్టుకోండి. అక్కడి ఊళ్లవాళ్లు, చెంచులు ఈ దారులు ఎరిగినవాళ్లు. ఎంత ఇవ్వాలి, ఎక్కడెక్కడికి తీసుకుపోవాలి అన్నది కిందనే మాట్లాడుకోండి. ఆయన తిండి, నీళ్లు కూడా మీ లెక్కలో కలుపుకోండి. చాలామంది ఆ సంగతే మర్చిపోతారు.

గంటల లెక్క

అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చోవాల్సింది దీని దగ్గరే.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు మ్యాపులు ఆ సంస్థ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఎత్తును చూపే కాంటూరు గీతలు ఇరవై మీటర్లకొకటి ఉంటాయి. మీ దారి అడ్డంగా ఎన్ని గీతలు దాటుతుందో లెక్కబెడితే ఎంత ఎత్తు ఎక్కాలో తెలిసిపోతుంది. పది గీతలంటే రెండు వందల మీటర్లు. గీతలు ఒకదానికొకటి అంటుకుని కనిపించిన చోట నిలువు చరియ ఉన్నట్టు. ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ వేసుకుని ఆ ప్రాంతం మ్యాపు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. లోయలోకి దిగాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నడక సమయానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో అయితే ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు ఇంకో గంట. ఉదాహరణకు ఆరు కిలోమీటర్ల దారి, నాలుగు వందల మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి డెబ్బై రెండు నిమిషాలు, ఎత్తుకు నలభై నిమిషాలు, కలిపి సుమారు రెండు గంటలు. ఇది చల్లటి దేశంలో, కాలిబాట సాఫీగా ఉంటే, గట్టి మనిషి ఆగకుండా నడిస్తే. మన బండలకు, మన ఎండకు నేనైతే దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాను. అప్పుడు మూడు గంటలవుతుంది. గుంపులో పిల్లలో, యాభై దాటినవాళ్లో ఉంటే రెండు రెట్లు వేసుకోండి. గుంపు వేగం అందరికంటే నెమ్మదైన మనిషిది, ముందు పరిగెత్తే కుర్రాడిది కాదు.

దిగడానికి సగం సమయం చాలు అనుకోవద్దు. బండల మీద దిగడం ఎక్కడంతో సమానం, మోకాళ్లకైతే ఇంకా ఎక్కువ. మూడు గంటలు ఎక్కితే మూడు గంటలు దిగుతారనే రాసుకోండి. జ్వాలా, స్తంభం, మాలోల మూడూ కలిపితే ఆగడం, తినడంతో సహా ఏడెనిమిది గంటల పని.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేయండి. డిసెంబరు మొదట్లో ఇక్కడ పొద్దు గుంకేది 5:40 ప్రాంతంలో. లోయలో అంతకంటే ముందే మసకబారుతుంది. ఎవరి కాలో బెణికినా ఇబ్బంది లేకుండా ఒక గంట పక్కన పెట్టండి, అంటే 4:40కి ఎగువ గుడి దగ్గర ఉండాలి. దిగడానికి మూడు గంటలు తీసేస్తే 1:40. దాన్ని ఒకటిన్నర చేసుకోండి. ఒకటిన్నర అయ్యేసరికి స్తంభం ఇంకా కూతవేటు దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. ఈ సమయాన్ని బయల్దేరే ముందే అందరి ఎదుట చెప్పండి, ఫోన్లో అలారం పెట్టండి. పైకి పోయాక "ఇంకో పది నిమిషాలేగా" అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. అప్పుడు వాదించడానికి ఓపిక ఉండదు, అలారం మోగితే వాదన అక్కర్లేదు.

ఇదంతా కుదరాలంటే ఉదయం ఆరున్నరకు, వెలుగు రాగానే, కాలు కదపాలి. కర్నూలు నుంచో కడప నుంచో ఆ పూటే వస్తే అది సాధ్యం కాదు. ముందురోజు సాయంత్రానికే వచ్చి దిగువ అహోబిలంలో పడుకోండి. అక్కడి నుంచి పొద్దున్నే ఎగువకు పోవడానికి ఆటో రాత్రే మాట్లాడి పెట్టుకోండి.

నీళ్లు, తిండి

గంటకు అర లీటరు. ఎనిమిది గంటలకు నాలుగు లీటర్లు. బరువే, కానీ గంట గంటకూ తగ్గే బరువు. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు. సగం దారిలో సగం కంటే ఎక్కువ తాగేసి ఉంటే అదే వెనక్కి తిరిగే గుర్తు, గడియారం ఏం చెప్పినా సరే. వంక నీళ్లు తేటగా కనిపించినా అలాగే తాగొద్దు. మెడికల్ షాపులో దొరికే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. కాచుకుందామని అడవిలో నిప్పు రాజేయొద్దు.

తిండి విషయంలో మన ఇళ్లలో ఉన్నదే చాలు. ఎండబెట్టిన జొన్నరొట్టె, నువ్వుల పొడి, వేయించిన బుడ్డలు (వేరుశనగలు), బెల్లం. చెమట పట్టాక ఉప్పూ కారం ఉన్నదే నోటికి హితవుగా ఉంటుంది. పెరుగన్నం పొద్దున పదికల్లా తినేయాలి, ఆ తర్వాత పులిసిపోతుంది. బయల్దేరే ముందు కడుపునిండా దోసెలు తిని ఎక్కొద్దు, మొదటి ఎక్కుడులోనే ఆయాసం వస్తుంది.

ఎగువ అహోబిలం కోతుల సంగతి చెప్పాలి. వాటికి పాలిథిన్ కవరు చప్పుడు బాగా తెలుసు. చేతిలో కవరు వేలాడుతుంటే మీ వెనకనుంచి వచ్చి, కవరు అడుగున గోరుతో చీల్చి, కిందపడ్డవి ఏరుకుని, మీరు తిరిగి చూసేలోపు గోడెక్కి కూర్చుంటుంది. తిండి అంతా బ్యాగులో, జిప్పు వేసి, వీపున ఉండాలి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు దానికొక తాడు కట్టుకోండి.

కాళ్లకు, బ్యాగులో

అడుగున గాడులు అరగని బూట్లు వేసుకోండి. కొత్తవైతే వారం ముందు నుంచే వేసుకుని తిరగండి. చెప్పులతో స్తంభం ఎక్కేవాళ్లు కనిపిస్తారు, వాళ్లకు ఆ బండలు చిన్నప్పటి నుంచి తెలుసు. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు. వానాకాలం తర్వాత బోద గడ్డి నడుం ఎత్తున ఉంటుంది, కాళ్లు గీరుకుపోతాయి. బ్యాగులో తలకు కట్టుకునే టార్చి, పవర్‌బ్యాంకు, విజిల్, తువ్వాలు, కాలు బెణికితే చుట్టే పట్టీ, రోజూ వేసుకునే మందులు. ఎగువ గుడి దగ్గర కర్ర దొరుకుతుంది, తీసుకోండి. దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంటి దగ్గర ఉండే ఒక మనిషికి మీ దారి, గుంపులో ఎంతమంది, రాత్రి ఎన్నింటిలోపు ఫోను రాకపోతే 112కు చెప్పాలి అన్నది రాసి పంపండి.

దారిలో

మొదటి గంట మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా నడవండి. ఊపిరి అందక మాట ఆగిందంటే వేగం ఎక్కువైంది.

ఇక్కడి రాయిని కాస్త చూడండి. పలకలు పలకలుగా పేర్చినట్టుంటుంది, కొన్ని పలకల మీద ఏటి ఇసుకలో పడే అలల గీతలు అలాగే గట్టిపడి ఉంటాయి. పొడిగా ఉంటే బూటుకు బాగా పట్టు దొరుకుతుంది. తడిసి, పైన పాచి పట్టిందా, నిలబడలేరు. పెద్ద పలక మీద బరువంతా మోపేముందు అంచును కాలితో నొక్కి చూడండి. డబ్ అని కదిలితే పక్కకు జరగండి, వెనకవాళ్లకు కూడా చెప్పండి. నిటారు చోట ఒకరి కింద ఒకరు ఎక్కొద్దు. పైవాడి కాలు కింద జారిన రాయి కిందివాడి తలకే వస్తుంది.

వంక దాటేటప్పుడు నీళ్లను చూడండి. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే పైన వాన పడినట్టే. అవతలికి దాటే ఆలోచన మాని, ఉన్న గట్టు మీదే ఎత్తైన చోటికి వెళ్లండి. మోకాలు దాటిన పారకం మనిషిని పడేస్తుంది. కొండవంక ఎంత వేగంగా పొంగుతుందో అంత వేగంగానే తగ్గుతుంది కూడా, కాబట్టి ఆగితే పోయేది కొన్ని గంటలే.

చరియల కింద తల పైకెత్తి చూడండి. నల్లటి పెద్ద పట్టులు వేలాడుతుంటాయి, అవి కొండతేనెటీగలవి. అక్కడ కేకలు, పొగ, రాళ్లు విసరడం, ఘాటైన సెంటు పనికిరావు. లేచాయంటే చేతులు ఊపకుండా, తువ్వాలుతో ముఖం కప్పుకుని వచ్చిన దారినే దూరంగా వెళ్లాలి. ముళ్లను గోటితో వెంటనే గీకేయాలి. ముఖం వాచినా, ఊపిరి బిగబట్టినట్టున్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి.

పులి గురించే అందరూ అడుగుతారు. పగటి పూట బాట మీద నడిచే గుంపుకు ఎలుగుబంటితోనే జాగ్రత్త ఎక్కువ అవసరం. చలికాలంలో రేగు పండ్ల కోసం పొదల్లో ఉంటుంది, దానికి చూపు తక్కువ, దగ్గరికి పోయేదాకా మిమ్మల్ని గమనించదు. ఉలిక్కిపడితే మీద పడుతుంది. మలుపుల దగ్గర మామూలుగా మాట్లాడుతూ నడవండి. ఎదురైతే పరిగెత్తకుండా, అటువైపే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. పిల్లలను ముందుకు పరిగెత్తనివ్వొద్దు, గుంపు మధ్యలోనే నడిపించండి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక మధ్యాహ్నం రెండు తర్వాత పిల్లలను ఆ దారిలో పంపడం ఆపారు. అంత జనం తిరిగే చోటే ఆ పరిస్థితి.

ఏదైనా జరిగితే

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పామును చంపి తేవడానికి పోవద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టండి. మనిషిని నడిపించకుండా మోసుకు రండి. అహోబిలంలో డోలీ మోసేవాళ్లుంటారు, ఒకరు ముందుగా దిగి వాళ్లను, 108ని పిలవాలి. పోవాల్సింది విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాస్పత్రికి. మంత్రం వేసే ఆయన దగ్గర ఆగిన ప్రతి నిమిషమూ దండగే.

వడదెబ్బను మొదట పక్కవాళ్లే గుర్తుపట్టాలి. చెమటలు పట్టి తల తిరుగుతుంటే నీడలో పడుకోబెట్టి ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి, ఆ రోజుకు ఎక్కడం ఆపేయండి. మాట తడబడుతూ, ఎక్కడున్నాడో తెలియనట్టు మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, తడి తువ్వాలుతో విసురుతూనే ఉండండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

దిగాక

చెక్‌పోస్టులో చెప్పి పోయి ఉంటే దిగామని కూడా చెప్పండి, ఇంటికి ఫోను చేయండి. మీ తర్వాత ఇంకెవరైనా పైన ఉండిపోవడం చూస్తే ఆ మాట కూడా చేరవేయండి. తెచ్చిన కవర్లు, సీసాలు అన్నీ బ్యాగులోనే ఊరికి చేరాలి.

ఆ రాత్రే వేడినీళ్ల స్నానం చేసి, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో నానేయండి. చెవుల వెనక, చంకల్లో, నడుం పట్టీ దగ్గర గోమార్లు పట్టాయేమో ఒకరినొకరు చూసుకోండి. పట్టి ఉంటే చర్మానికి ఆనించి సన్నటి పట్టుకారుతో (ట్వీజర్‌తో) నిదానంగా పైకి లాగాలి, నిప్పుతో కాల్చొద్దు. గడ్డిలో ఉండే ఇంకా చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. మూడు వారాల లోపల జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాలినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతికి చూసుకోండి. పొక్కు కనబడకపోయినా సరే, ఫలానా రోజున నల్లమలలో నడిచామని డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడగాలని చూడొద్దు. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది.